పౌడరు డబ్బా రేకు చుట్టిన బిట్టు

మేస్త్రి గారు పిన్ను పైకెత్తి, "పొట్టు ఊదండమ్మా" అన్నారు. ఊదాను. ఊదాక అలవాటు కొద్దీ మిషను చెక్కుతున్న రెండు పలకల మీదా చెరో బొటనవేలు పెట్టి, అమ్మవారి చెంపలు ఒకేసారి నిమిరాను. కుడి పలక మీది చెంప లోతుగా ఉంది. కంటికి ఆనే తేడా కాదు, గోరు మందం అంతే. అచ్చు ఒకటే, నడిపిన చెయ్యి ఒకటే. తేడా రావడానికి వీల్లేదు. వచ్చిందంటే కుడి పలకను చెక్కే బిట్టు తనున్న చోటునుంచి కిందికి జారుతోందన్నమాట.

నేనింకా ఆ మాట పూర్తిగా అనుకోలేదు, ఆయన పిన్ను మళ్ళీ దించేశారు. కనుబొమ్మ దగ్గర పని. తిరుగుతున్న బిట్టుకు జానెడు దూరంలో ఆయన మొహం. గోడ దగ్గరకు పరుగెత్తి మెయిన్ స్విచ్ లాగేశాను.

"కరెంటు పోయిందా?" అన్నారాయన తలెత్తకుండానే.

"లేదండి. నేనే ఆపాను."

"ఎందుకమ్మా?"

"బిట్టు జారుతోందండి."

ఆయన నవ్వారు. "జారదు. నేను చుట్టాను కదా" అన్నారు.

ఏం చుట్టారో నాకప్పటికి తెలియదు.

ఇలాంటి సంగతులు ఉద్యోగ విరమణ చేసినవాళ్ళు రాస్తారు. నాకింకా ముప్పై అయిదు రాలేదు. ఆ కార్ఖానా వదిలి ఏడాదయింది, మా ఆయనకు బదిలీ అయి ఊరు మారాం. పిల్లలు నిద్రపోయాక, తలుపు గడియ రెండుసార్లు చూసుకుని వచ్చి రాస్తున్నాను. ఐటీఐలోనో పాలిటెక్నిక్‌లోనో చదివి మిషన్ల దగ్గరకు వస్తున్న అమ్మాయిలు ఇప్పుడు అక్కడక్కడా కనిపిస్తున్నారు. వాళ్ళ కోసం ఇది. ఇకమీదట కంప్యూటరే బిట్టును నడిపే మిషన్లు వస్తాయట. రానివ్వండి. బిట్టును పట్టుకుని ఉండేది ఏదో ఒకటి దానిలోనూ ఉండాలి కదా. నేను చెప్పేది దాని గురించే.

మా కార్ఖానా రాజమండ్రిలో, ఒక కలప అడితీ వెనకాల రేకుల షెడ్డు. షావుకారు గారి కుటుంబం తరాలుగా టేకు వ్యాపారంలో ఉంది. చెక్కుడు తలుపులకు గిరాకీ పెరిగిందని ఆయన కోయంబత్తూరు నుంచి ఒక పాత మిషను కొనుక్కొచ్చారు. మధ్యలో అచ్చు బొమ్మ ఉంటుంది. దాని మీద చేత్తో ఒక పిన్ను నడపాలి. పిన్ను ఎలా కదిలితే అటూ ఇటూ ఉన్న రెండు బిట్లూ అలాగే కదిలి, రెండు టేకు పలకల్లో అదే బొమ్మ చెక్కుతాయి. రెండు తలుపు రెక్కలకు రెండు బొమ్మలు ఒకేసారి తయారు.

నన్ను తీసుకున్నది ఉత్తరాలు టైపు చేయడానికి. బీఎస్సీ ఫిజిక్సు చదివిన అమ్మాయి కదా అని, మిషనుతో వచ్చిన ఇంగ్లీషు పుస్తకం చదివి చెప్పమన్నారు. చదివి చెబుతూ చెబుతూ మిషను దగ్గరే ఉండిపోయాను. జడ ముడి వేసుకుని, కొంగు నడుముకు బిగించి పిన్నీసు పెట్టుకుని నిలబడేదాన్ని. అడితీకి వచ్చినవాళ్ళు దుంగలు చూడడం మానేసి నన్ను చూసేవారు. కొన్నాళ్ళకు వాళ్ళకే విసుగొచ్చింది.

పిన్ను నడిపేది మేస్త్రి గారు. అచ్చు చెక్కింది ఆయనే కాబట్టి, దాని ఎత్తుపల్లాలు ఆయన చేతికే తెలుసు. ఏ పనికి ఏ బిట్టు, ఎంత లోతు అన్నది నా వంతు. ఆ వంతు విషయంలోనే మా ఇద్దరికీ రోజూ పేచీ.

గుండు బిట్టు అని ఒకటుంది. కొస శనగగింజలా గుండ్రంగా ఉంటుంది. చెంపలు, భుజాలు, ఏనుగు తొండాలు దానితో నున్నగా వస్తాయి. కానీ పెదవుల మధ్యకు దూరదు. దూరని చోట చెక్క అలాగే మిగిలిపోయి, బొమ్మకు మూతి వాచినట్టుంటుంది. సూది బిట్టు మొదట్లో లావుగా ఉండి కొసకు వచ్చేసరికి బియ్యపుగింజంత అవుతుంది. ముక్కుపుటాలు, పెదవుల చివర్లు, ముంగురులు దానితోనే రావాలి. దాన్ని ఒకేసారి లోతుకు దించితే విరుగుతుంది. అందుకని ముందు లావు బిట్టుతో చెక్కంతా తీసేసి, చివరి పొర మాత్రమే సూది బిట్టుకు వదలాలి. బిట్టు మార్చినప్పుడల్లా మధ్యలోని పిన్ను కూడా అదే ఆకారం, అదే మందం ఉన్నదానికి మార్చాలి. పిన్ను సన్నగా, బిట్టు లావుగా ఉందా, అమ్మవారి ముక్కు ఉండదు. ఒక్క గంటలో నేర్చుకోగలిగిన విషయాలే ఇవన్నీ. వాటి మీద పట్టుబట్టి నిలబడడమే కష్టం.

"గుండు బిట్టుతో ఒళ్ళు తీసేద్దామండి, మొహం ఉలితో నేను లాగేత్తాను" అనేవారు మేస్త్రి గారు.

"రెండు మొహాలు ఒకేలా రావాలి కదండీ. ఉలితో వస్తాయా?"

"ఎందుకు రావాలమ్మా ఒకేలా? అక్కాచెల్లెళ్ళు ఒకేలా ఉంటారేంటి?"

"ఇద్దరూ లక్ష్మీదేవే కదండీ!"

"అయితే మరీ మంచిది. కోపంగా ఉన్నావిడ ఒకరూ, నవ్వేవిడ ఒకరూ. ఇంటాయన ఏ రెక్క తీసి లోపలికెళ్ళాలో చూసుకుంటాడు."

అలా నవ్విస్తూనే నా మాట పక్కకు నెట్టేసేవారు. నేనూ వదిలేదాన్ని కాదు. చివరికి షావుకారు గారు సూది బిట్లు బొంబాయి నుంచి తెప్పించారు.

పార్సిలు విప్పిన రోజే వాటి కాడలు కొలిచాను. ఆరు మిల్లీమీటర్లు. మా మిషను పాతది, అంగుళాల లెక్కది. బిట్టు కాడను చుట్టూరా బిగించి పట్టుకునే చీలికల ఉక్కు గొట్టాన్ని కొలెట్టు అంటారు. మా కొలెట్టు పావు అంగుళం కాడకు చేసినది. పావు అంగుళానికీ ఆరు మిల్లీమీటర్లకూ తేడా చాలా కొద్ది, ఒక సన్నటి రేకు మందం. కానీ కొలెట్టు అంత కొద్ది తేడాను కూడా సరిగ్గా పట్టుకోదు. ఇవి ఇందులో పెట్టకూడదు, ఆరు మిల్లీమీటర్ల కొలెట్టు తెప్పించాలి అన్నాను. షావుకారు గారు ట్రంకాల్ చేసి బొంబాయి కొట్టువాణ్ణి అడిగారు. "రెండూ ఒకటేనంటున్నాడమ్మా" అన్నారు నాతో. కాదన్నాను. "సరే, తెప్పిద్దాంలే" అన్నారు.

అప్పుడు మిషను మీదున్న పని భీమవరం వైపు ఒక రైతు గారి కొత్త ఇంటి సింహద్వారం. గృహప్రవేశం శ్రావణంలో మొదటి ముహూర్తానికి. మేస్త్రి గారిది పెద్దాపురం. ఆషాఢంలో మరిడమ్మ జాతర రోజుల్లో ఆయన ఉలీ ముట్టరు, మిషనూ ముట్టరు. పని అప్పటికే వెనకబడింది. పైగా పగలు కరెంటు కోత. అందరికీ తొందర.

ఆ రోజు మా బాబుకు జ్వరం. మందు పట్టి, అత్తయ్యగారికి అప్పజెప్పి ఆలస్యంగా వెళ్ళాను. వెళ్ళేసరికి సూది బిట్లతో మిషను నడుస్తోంది. కొలెట్టు వచ్చేసిందనుకున్నాను. పిన్ను ఎత్తినప్పుడు బొమ్మను నిమిరాను. తర్వాత జరిగింది పైనే చెప్పాను.

స్విచ్ లాగేసి కుడి బిట్టు విప్పాను. కాడతోపాటు ఒక రేకు ముక్క బయటికొచ్చింది. దాని మీద సగం చెరిగిన పువ్వుల బొమ్మ. పౌడరు డబ్బా రేకు. కత్తెరతో సన్నగా కోసి, కాడకు ఒక చుట్టు చుట్టి, కొలెట్టులో దూర్చి బిగించారు. రేకు మీద ఒక పక్కగా మెరుస్తూ గీరుకుపోయిన గుర్తు ఉంది. బిట్టు జారిన దారి అది.

ఆ రేకు చుట్టడం తెలివితక్కువతనం అని నేనెప్పుడూ అనను. చేతి పనిలో ఉలి పిడి వదులైతే గుడ్డ పీలికో రేకు ముక్కో చుట్టి దిగ్గొడతారు. ఆయన తండ్రీ అలాగే చేశాడు, తాతా అలాగే చేశాడు. ఉలికి అది చాలు. సుత్తి దెబ్బ పడినప్పుడే ఉలి కదులుతుంది, మళ్ళీ ఆగుతుంది. ఈ బిట్టు నిమిషానికి వేల చుట్లు తిరుగుతుంది. దాని మెలికల పళ్ళు చెక్కను కొరుకుతూ బిట్టును తమవైపే లాగుతాయి. ఈవేళ గోరు మందం జారింది. పూర్తిగా జారిన బిట్టు ఎటు పోతుందో ఎవరూ చెప్పలేరు.

ఎవరి మొహం మీదకు పోతుందో మాత్రం నేను చెప్పగలను. అమ్మవారి కళ్ళు మిషను తెరవకూడదన్నది మేస్త్రి గారి నియమం. అన్నీ అయ్యాక, తలస్నానం చేసి, తన ఉలితో తనే తెరిచేవారు. అందుకే అచ్చులో కళ్ళ దగ్గర ఉబ్బు మాత్రమే ఉంచేవారు. పలక మీద బిట్టు ఎక్కడ ఆ ఉబ్బును గీరేస్తుందోనని, కనుబొమ్మల దగ్గరకు వచ్చేసరికి తల మిషనులోకి పెట్టేసేవారు. కళ్ళద్దాలు పెట్టుకోమంటే మసకగా ఉందని తీసి జేబులో వేసుకునేవారు.

షావుకారు గారు వచ్చారు. చెంప చూశారు. బిట్టు చూశారు. నన్ను చూశారు.

"సన్న బిట్టు కావాలని పట్టుబట్టింది నువ్వే కదమ్మాయ్. లోతు పోయింది చూశావా?"

"లోతు పోయింది బిట్టు సన్నమై కాదండి. పట్టు లేక."

"మేస్త్రీ, ఏమంటావు?"

"ఒక్క చుట్టు చాల్లేదండి. రెండు చుట్లు చుడితే కదలమన్నా కదలదు. చెంపకు చిన్న అతుకేసి సరిచేత్తాను."

"ఇంకేం! రేపు కరెంటు రాగానే మొదలెట్టండి."

"నేను పెట్టనండి" అన్నాను.

షెడ్డులో రంపం కోత ఒక్కసారిగా ఆగినట్టనిపించింది. నిజానికి ఎవరూ కోయడం లేదు.

"గుండు బిట్టు మన కొలెట్టుకు సరిపోతుంది. దాంతో ఎంత వస్తే అంత చేద్దాం. మిగతాది మేస్త్రి గారు ఉలితో చేస్తారు. ఆరు మిల్లీమీటర్ల కొలెట్టు వచ్చేదాకా సూది బిట్లు మిషనుకెక్కించను. ఎవర్నీ ఎక్కించనివ్వను."

"ఎక్కించనివ్వకపోవడానికి మిషను మీ పుట్టింటివాళ్ళు పెట్టారా?"

"లేదండి."

"మరి?"

నాకు భయం వేసింది, అదొక్కటే నా దగ్గరున్నది. నేను మొదటినుంచీ భయస్థురాలినే. బాబు దగ్గితే గుండె జారుతుంది, పాప రోడ్డు దాటితే ఊపిరి ఆగుతుంది. ఆడవాళ్ళ భయం అని నవ్వుతారు. నవ్వుకోండి. ఆ షెడ్డులో ఆ రోజు వేలు పెట్టి చూసింది భయపడే మనిషి ఒక్కతే.

వాళ్ళిద్దరూ ముహూర్తం గురించి మాట్లాడుకుంటూ బయటికి నడిచారు. నేను బిట్ల డబ్బా తెరిచాను. సూది బిట్లూ, గుండు బిట్లూ ఏరుతూ కూర్చోకుండా, మిషనుకు పట్టేవి ఎన్నుంటే అన్నీ తీసి, పొట్టు తుడిచి, నా క్యారేజీ పై గిన్నెలో పెట్టి మూత బిగించాను. క్యారేజీ పట్టుకుని వాళ్ళ ముందునుంచే నడిచి ఇంటికి వచ్చేశాను.

క్యారేజీ కడగబోయి అత్తయ్యగారు కేకేశారు. "ఏంటమ్మాయ్ ఇవి? ఇనప ముక్కలు వండుకు తింటున్నారా మీ ఆఫీసులో?"

జరిగింది చెప్పాను. నా ఉద్యోగం ఆవిడకెప్పుడూ ఇష్టం లేదు. మా ఆయన అప్పట్లో పోలవరం వైపు పని మీద ఉండి వారానికోసారి వచ్చేవారు. ఆయన వచ్చేలోపు ఇదేదో పెద్ద గొడవవుతుందని ఆవిడ దిగులు. అయినా చివరికి, "వాటిని బియ్యం డబ్బాలో పెట్టకు, పిల్లలు చేతులు పెడతారు" అని మాత్రం అన్నారు.

దీపాలు పెట్టే వేళకు షావుకారు గారు వచ్చారు. వెనకాలే మేస్త్రి గారు. లోపలికి రమ్మంటే రాలేదు. గుమ్మంలోనే నిలబడ్డారు.

"ఇదేం పనమ్మాయ్? కార్ఖానా సామాను ఇంటికి తెచ్చుకుంటారా? దీన్ని ఏమంటారో తెలుసా?"

"తెలుసండి."

"దొంగతనం అంటారు."

"తెలుసునన్నాను కదండీ."

లోపలి గదిలోంచి మా పాప తొంగి చూసింది. అప్పటికి దానికి అయిదేళ్ళు.

"గుండు బిట్లు రేపు పొద్దున్న తెచ్చిస్తానండి" అన్నాను. "సూది బిట్లు కొలెట్టు వచ్చాక ఇస్తాను. పోలీసుల్ని తెచ్చినా అంతే."

"నీకు మర్యాదగా చెబుతున్నాను. రేపటినుంచి పనిలోకి రావద్దు."

"గుండు బిట్లు ఇవ్వడానికి వస్తానండి."

మేస్త్రి గారు అంతవరకూ చెప్పుల వైపు చూస్తూ నిలబడ్డారు. అప్పుడు మెల్లగా అడిగారు. "బిట్టు వచ్చి తగిలితే నా మొహానికి తగులుద్ది. మధ్యలో మీకేంటమ్మా నొప్పి?"

"నొప్పి మీకేనండి. చూడాల్సింది మాత్రం నేను."

"నా మొహం అంత అందమైందేం కాదులెండి."

అత్తయ్యగారు వంటింట్లోంచి వచ్చి నా పక్కన నిలబడ్డారు. "అందం సంగతి దేవుడెరుగు బాబూ. కళ్ళు రెండున్నాయి కదా. అవి లేకపోతే అమ్మవారి కళ్ళు ఎవరు తెరుస్తారు?"

షావుకారు గారు కండువా దులుపుకుని వెళ్ళిపోయారు. ఆయన వెనకే మేస్త్రి గారు.

తర్వాత ఏమైందో ఇక్కడే చెప్పేస్తాను. గొప్పగా చెప్పుకునేదేం కాదు. తలుపులు గుండు బిట్టుతో, ఉలితో పూర్తయ్యాయి. ఒక అమ్మవారి మొహం ముద్దొచ్చేలా ఉంది, రెండో మొహం తొందరలో చేసినట్టే ఉంది. రైతు గారు గృహప్రవేశం నాడే ఆ మాట పదిమంది ముందు అన్నారట. షావుకారు గారు నన్ను కొన్నాళ్ళు పిలవలేదు. కొలెట్టు వచ్చాక, దాన్ని అమర్చడం ఎవరికీ కుదరక, కబురు పంపారు. సూది బిట్లు తీసుకుని వెళ్ళాను. పాత జీతానికే. ఆ తర్వాత అవి ఎన్నో తలుపులు చెక్కాయి, ఒక్కటీ జారలేదు.

నీ మాటే నిజమని అక్కడ ఎవరూ నాతో అనలేదు. ఎలా అంటారు? ఏమీ జరగలేదు కదా. బిట్టు ఎగిరి ఎవరి కన్నయినా పోయి ఉంటే అందరూ నన్ను తలుచుకునేవారు. ఎవరికీ ఏమీ కాలేదు కాబట్టి నాది అతి అయింది. "గోరు మందానికి గొడవ పెట్టుకున్నావిడ" అని అడితీలో ఇప్పటికీ అంటున్నారట. అననివ్వండి. మేస్త్రి గారు నాకు కృతజ్ఞతలు చెప్పలేదు. ఆ తర్వాత కూడా రేకు చుట్టడం గురించి వాదించేవారు. వాదించేటప్పుడు రెండు కళ్ళతోనూ ఉరిమి చూసేవారు. నాకది చాలు.

మీరు మిషను దగ్గర నిలబడిన రోజు మీ చేతికీ ఏదో తేడా తగులుతుంది. రుజువు అడుగుతారు. మీ దగ్గర ఉండదు. జరగనిదాన్ని ఎవరూ రుజువు చెయ్యలేరు. అయినా స్విచ్ లాగండి. చెడ్డపేరు వస్తుంది. అన్నం తింటే అది కూడా అరుగుతుంది.

షావుకారు గారు ఇంటికొచ్చి వెళ్ళిన మర్నాడు పొద్దున్న నేను గుండు బిట్లు ఒక గుడ్డలో కట్టుకుంటున్నాను. బాబుకు జ్వరం తగ్గి, చాప మీద కూర్చుని అటుకులు తింటున్నాడు. పాప జడ వేయించుకోవడానికి వచ్చి నా ముందు కూర్చుంది. సగం అల్లాక, తల తిప్పకుండా అడిగింది.

"అమ్మా, నువ్వు దొంగవా?"

"అమ్మ దొంగ!" అన్నాడు బాబు సంతోషంగా.

జడ అల్లడం పూర్తి చేసి రిబ్బను కట్టాను. పాపను నావైపు తిప్పుకున్నాను.

"అవునే, ఎత్తుకొచ్చాను" అన్నాను. "అవి మనవి కావు. కొన్ని ఇప్పుడు తీసుకెళ్ళి ఇచ్చేస్తాను. కొన్ని ఇవ్వను. ఇవ్వనన్నందుకు ఉద్యోగం పోయింది, పోనీ. స్కూల్లో ఎవరైనా అడిగితే, మా అమ్మే తీసింది, మేస్త్రి తాతగారి కళ్ళు పోతాయని తీసింది అని చెప్పు. తల దించుకుని చెప్పకు. గట్టిగా చెప్పు, వెనక బెంచీ దాకా వినపడాలి."